వర్తూరు గేటులో ఒక్క పేరు మిగిలినా

తలుపు తీసినవాడి గొంతులో మునిరాజు కత్తి పిడిదాకా దిగింది. రెండోవాడు పిస్టల్ అందుకునేలోపే మునిరాజు పిస్టల్ సైలెన్సర్ దగ్గింది. మారతహళ్ళి ఫ్లాట్‌లో కొత్త టైల్స్ మీద నెత్తురు పారింది. మునిరాజు వేషం కోసం పెట్టుకున్న కేబుల్‌వాడి టోపీ తీసి పారేశాడు.

గంట క్రితం చీఫ్ ఆవులప్ప చెప్పిన మాటలు చెవిలో మోగుతున్నాయి. "వర్తూరు రాడార్ ల్యాబ్ గేటు కింద బాంబు ఉండాదప్పా. హెర్మన్ ముఠా పని. వాళ్ళ లిస్ట్‌లో పేరుండే సైంటిస్టు ఎవరు కార్డు గీకినా పేలతాది. ఒక పేరు నీ చెల్లెలు కళ్యాణిది. గేటు కాడ వాళ్ళ మనిషి ఉండాడు, బస్సు ఆపితే వాడే పేల్చేస్తాడు. మారతహళ్ళి ఫ్లాట్‌లో దాన్ని నడిపే కంప్యూటర్ ఆపినా పేలతాది."

కంప్యూటర్ ముందు ఎర్రటి లిప్‌స్టిక్‌తో వరూధిని కూర్చుని ఉంది. జీతం హెర్మన్ ఇస్తాడు, పని మాత్రం రహస్యంగా మునిరాజు వాళ్ళ డిపార్ట్‌మెంట్‌కు చేస్తుంది.

"మడివాళలో మల్లెలు మూరెంత?" అన్నాడు మునిరాజు.

"వాడినవైతే ఊరికే." రహస్య సంకేతం సరిపోయింది. "రిలాక్స్. కళ్యాణి పేరు డిలీట్ చేశా. మిగతా ముగ్గురూ ఇవాళ లీవు."

మునిరాజు స్క్రీన్ వైపు చూశాడు. ఒక లైను దగ్గర చూపు ఆగింది. ముఠా జాడ కోసం నెలరోజులు ప్రోగ్రామింగ్ క్లాసులో కూర్చుని, సరిగ్గా ఈ తప్పుకే మాస్టరుతో తిట్లు తిన్నాడు.

"ఈ ఇఫ్ కండిషన్ రాసిందెవరు?"

"నేనే. కార్డు మీది పేరు లిస్ట్‌లో ఉంటే పేలాలి. సింపుల్."

"ఆ పేరు లిస్ట్‌లో ఉండాదా అని నువ్వు అడగనే లేదు తల్లీ! ఇఫ్ పక్కన ఉత్త లిస్ట్ పెట్టినావు. అట్ల పెడితే కంప్యూటర్ చూసేది ఒకటే, లిస్ట్ ఖాళీనా కాదా అని. ఒక్క పేరు మిగిలినా కండిషన్ నిజమే. ఎవరు గీకినా పేలతాది!"

స్క్రీన్ మీద పక్కనే ఉన్న గేటు కెమెరా విండోలో ల్యాబ్ బస్సు ఆగింది. అందరికంటే ముందు కళ్యాణి దిగింది.

మునిరాజు అరుపుకు నిద్రలేచినవాడు పడగ్గది తలుపు తన్ని బయటికొచ్చాడు. హెర్మన్! అతని తూటాకు వరూధిని అడ్డం దూకింది. భుజం చీలి కుప్పకూలింది. మునిరాజు పిస్టల్ ట్రిగ్గర్ నొక్కాడు. తూటా ఇరుక్కుంది. హెర్మన్ మళ్ళీ గురిపెట్టేలోపు టేబుల్ మీది ఇస్త్రీపెట్టె తీసి అతని కణత మీద బాదాడు. ఎముక విరిగింది. ఇంకోసారి బాదాడు. ఇక హెర్మన్ కదల్లేదు.

కళ్యాణి మెడలోంచి కార్డు తీస్తోంది. కోడ్ సరిదిద్దే టైం లేదు. నెత్తుటి వేళ్ళు కీబోర్డు మీద జారుతున్నాయి. మొదటి పేరు పోయింది. రెండోది పోయింది. కార్డు మెషిన్ దాకా వచ్చింది. మూడోది పోయింది. లిస్ట్ బ్రాకెట్ల మధ్య ఇక ఏ పేరూ లేదు. సేవ్!

కళ్యాణి కార్డు గీకింది. గేటు తెరుచుకుంది. ఆమె ఆవులిస్తూ లోపలికి నడిచింది.

మునిరాజు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. టవల్‌తో వరూధిని భుజం గట్టిగా కట్టాడు.

"అంబులెన్స్ వస్తా ఉండాది. ఇంత తెలివిగలదానివి, ఇది ఎట్ల తెలీలేదమ్మా నీకు?"

వరూధిని పంటి బిగువున నవ్వింది.

"లిస్టుల క్లాసు రోజు నాకు పార్లర్ అపాయింట్‌మెంట్ ఉండింది."