వెనకగదిలో సవతి

“చిట్టీ... ఒక్కసారి ఇటు చూడవే...”

బొమ్మ తలకి జుట్టు కుడుతున్న ఆమె చేతిలో సూది ఆగిపోయింది. ఆ పిలుపు వచ్చింది — వెనకగదిలోంచి!

మనుషుల్లా మాట్లాడే తోడుబొమ్మలు తయారుచేసే కార్ఖానా అది. దీపాలు పెట్టాక ఆ వెనకగది ఛాయలకి ఎవరూ పోరు. కొనుక్కున్నవాళ్లు కన్నుమూశాకో, పెళ్లి చేసుకున్నాకో తిరిగొచ్చిన బొమ్మలన్నీ అక్కడే కూర్చుని ఉంటాయి. చీకటి పడితే చాలు, తమవాళ్ల కోసం గుసగుసలాడతాయట...

కానీ ఇది బొమ్మ గొంతు కాదు. ఆమె మొగుడిది! బొమ్మల కళ్లకి రంగులేసే అతను, పనైపోయింది ఇంటికి పోతున్నానని ఎప్పుడో చెప్పి వెళ్లాడు. పైగా చిట్టి అన్నది ఆమె ముద్దుపేరు. పెళ్లయిన కొత్తలో ఆ పేరుతో పిలుస్తుంటే ఆమెకి ఒళ్లంతా వెన్నెల కురిసినట్టుండేది. ఈమధ్య అతను దాన్ని మర్చేపోయాడనుకుంది.

చెప్పులు విడిచి, పిల్లిలా వెళ్లింది. తలుపు సందులోంచి చూస్తే — కుర్చీలో ఒక బొమ్మ. దాని కాళ్ల దగ్గర అతను.

“ఊఁ... చెప్పండి,” అంటోంది బొమ్మ, తేనె ఒలకబోస్తూ.

ఆమె ఒళ్లు భగ్గుమంది.

“ఓహో! అయ్యగారి ఇల్లు ఇదన్నమాట!”

అతను అదిరిపడ్డాడు. “అరవకే... నీతో మాట్లాడదామంటే కస్సుమంటావు. ఇదైతే వింటుంది.”

“వినక ఏం చేస్తుంది? గిన్నెలు తోమాలా, నీ చొక్కాలు ఉతకాలా?”

ఆమె వెళ్లి బొమ్మ జుట్టు పట్టుకుంది. ఒక్కో వెంట్రుకా గుచ్చి తను కుట్టిన జుట్టే అది.

“నా ఒళ్లో తలపెట్టి కుట్టించుకున్నావు కదే... నాకే సవతివయ్యావా?”

దాని వీపు మీద మూత లాగి, బ్యాటరీ పీకేసింది. బొమ్మ కళ్లు వాలిపోయాయి.

“పద ఇంటికి,” అంది ఆమె. “దీనికి చెప్పుకున్నవన్నీ నాకు చెప్పు. కస్సుమననులే.”

అతను లేచి ఆమె చెయ్యి పట్టుకున్నాడు. “చిట్టీ...”

ఇద్దరూ గుమ్మం దాటబోతుంటే — వెనకనించి, సన్నగా...

“అక్కా...”

బ్యాటరీ ఇంకా ఆమె గుప్పిట్లోనే ఉంది.

“నాకూ కుళ్లే అక్కా... ఇన్నాళ్లూ ఆయన నన్ను పిలిచింది నీ పేరుతోనే.”