ఆపరేషన్ ఎండపొడ

మంగళవారం ఉదయం తొమ్మిది ఇరవైకి హైదరాబాద్ కంచన్‌బాగ్‌లోని ఒక రక్షణ సంస్థ గేటు ముందు బాలనర్సింహ స్కూటర్‌కి స్టాండు వేశాడు. జేబులోంచి ఐడీ కార్డు తీసి గార్డుకు చూపించాడు. గార్డు తల ఊపేలోపే బాలనర్సింహ మోకాళ్ల మీద కూలిపోయాడు. నలభై నాలుగేళ్ల మనిషి. సిగరెట్ లేదు, షుగర్ లేదు, బీపీ లేదు. ఆస్పత్రికి చేరేసరికి ప్రాణమే లేదు. గుండె ఆగిందన్నారు డాక్టర్లు.

అదే గేటు లోపల, అదే విభాగంలో, మూడు వారాల్లో ఆగిపోయిన రెండో గుండె అది.

కబురు అందినప్పుడు ఏజెంట్ కొండల్ చేసిన మొదటి పని ఫోన్ తెరిచి చూసుకోవడం. ఆదివారం మధ్యాహ్నం రెండూ పది. బాలనర్సింహ పేరు మీద ఒక మిస్డ్ కాల్. లాల్‌దర్వాజ సర్కారు బడిలో ఇద్దరిదీ ఒకే బెంచీ. ఆదివారం కొండల్ ఇంకో పనిలో ఒక మనిషిని వెంబడిస్తూ ఆ కాల్ కట్ చేశాడు. తర్వాత చేస్తానని మెసేజ్ పెట్టాడు. చేయలేదు.

పాతబస్తీలో మదీనా దగ్గర ఒక కళ్లద్దాల దుకాణం పైన చీఫ్ సుశీలమ్మ ఆఫీసు. బోర్డు లేదు. ఆమె ఎప్పుడూ కూర్చోమని చెప్పదు. ఆ రోజు చెప్పింది.

బ్రీఫింగ్ నాలుగు నిమిషాల్లో అయిపోయింది. ఆ సంస్థలో రెండు వేల మంది పనిచేస్తారు. వాళ్లలో పదకొండు మంది భూమి కింద, కిటికీలు లేని సెక్షన్ నైన్‌లో ఒక మిశ్రలోహం మీద పనిచేస్తున్నారు. ఆ లోహం తయారయ్యే పద్ధతి ఏ ఫైల్లోనూ పూర్తిగా లేదు. సగం ఆ పదకొండు బుర్రల్లోనే ఉంది. వాళ్ల పేర్లు ఏ కంప్యూటర్‌లోనూ లేవు. అయినా మూడు వారాల్లో చనిపోయిన ఇద్దరూ ఆ పదకొండులోని వాళ్లే. ఇది విదేశీ ముఠా పని అని సుశీలమ్మకు అనుమానం లేదు. వాళ్లకు పేర్లు ఎలా తెలిశాయన్నదే ప్రశ్న.

ముఠాలో తమ మనిషి ఒకరున్నారని కూడా ఆమె చెప్పింది. పేరు నందిని. సంస్థ డైరెక్టర్ వీడియోలు తీసే స్టూడియో ఆమెదే. రెండు నెలల కింద ఒక విదేశీ కంపెనీ తనను కదిలిస్తోందని తనే వచ్చి చెప్పింది. వాళ్లతో కలిసినట్టే ఉండి సమాచారం పంపమని సుశీలమ్మ ఒప్పించింది. కోడ్‌నేమ్ ‘అద్దం’. పది రోజులుగా అద్దం నుంచి ఉలుకూ పలుకూ లేదు.

“తొమ్మిది మంది మిగిలిన్రు కొండల్,” అంది సుశీలమ్మ. “మూడో చావు కబురు నాకు రానియ్యకు.”

ఆ మధ్యాహ్నమే కొండల్ జల్‌పల్లిలోని కొత్త కాలనీకి వెళ్లాడు. నూరు గజాల ప్లాటు, ఇంకా సున్నం వేయని గోడలు. బాలనర్సింహ భార్య చంద్రమ్మ గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. ఆయన ఆదివారం ఎందుకు ఫోన్ చేశాడో ఆమెకు తెలియదు. ఒంట్లో నలతగా ఉందని కూడా ఎప్పుడూ అనలేదట. రోజూ విటమిన్ మాత్ర మాత్రం మర్చిపోకుండా వేసుకునేవాడట.

“పెద్దసారు వీడియోల చెప్పిండు,” అంది. “సారు చెప్పినంక ఈయన ఇంటడా? నన్ను గూడ కూసోవెట్టి సూయించిండు.”

మాత్రల పట్టీ తెచ్చి ఇచ్చింది. మిగిలినవి ల్యాబ్‌కు వెళ్లాయి. విటమిన్ డి తప్ప వాటిలో ఇంకేమీ లేదని సాయంత్రానికి రిపోర్టు వచ్చింది. ఖాళీ అయిన గూళ్లలో ఏముండేదో చెప్పగలవాడు లేడు.

బుధవారమంతా కొండల్ ఆ వీడియోలు చూశాడు. డైరెక్టర్ వేణుగోపాల్ లాక్‌డౌన్ రోజుల్లో మొదలుపెట్టిన అలవాటు. ప్రతి సోమవారం మూడు నిమిషాలు. కోటు లేదు, వెనక జెండా లేదు. బల్ల ముందు కూర్చుని, పక్కింటాయనలా మాట్లాడతాడు. ప్రమోషన్లు ఆలస్యమైతే తప్పు నాదే అని ఒప్పుకుంటాడు. జనం ఆ వీడియోలను ఇంట్లో పెళ్లాం పిల్లలతో కలిసి చూసేవాళ్లు. నాలుగేళ్లలో ఆ మొహం ప్రతి ఇంటి మనిషి అయిపోయింది.

ఆరు వారాల కిందటి వీడియోలో ఆ మొహం ఇలా అంది: “మనం ఎండ పొడ సూడనోళ్లం. పొద్దుగాల లోపలికి వస్తం, పొద్దుగూకినంక పోతం. ఒక్కసారి రక్తం సూపించుకోండి. మాత్రలు ఫ్రీ.”

సన్‌బిందు వెల్‌నెస్ అనే కంపెనీ క్యాంపు పెట్టింది. రెండు వేల మంది వరుసకట్టి రక్తమిచ్చారు.

సంస్థ డిస్పెన్సరీ డాక్టరును కొండల్ అడిగాడు, ఈ విటమిన్ మాత్రల వల్ల నిజంగా లాభం ఉందా అని. ఒంట్లో తక్కువున్నవాడికి మందేనని, సరిపడా ఉన్నవాడికి దండగేనని, ఎక్కువ మింగితే చేటు కూడా అని డాక్టరు చెప్పాడు. మరీ తక్కువ ఎవరికి ఉంటుందని కొండల్ అడిగాడు.

“ఎండ అస్సలు తగలనోళ్లకు,” అన్నాడు డాక్టరు. తర్వాత తన మాట తనకే వినబడినట్టు ఆగిపోయాడు.

ఇద్దరూ క్యాంపు రిపోర్టులు తెరిచి అన్నిటికంటే తక్కువున్న వాళ్లను పైకి తెచ్చారు. మొదటి పదిహేను పేర్లలో, సుశీలమ్మ చెప్పిన సెక్షన్ నైన్ వాళ్లు పదకొండు మందీ ఉన్నారు. రెండో పేరు బాలనర్సింహది. ఏ కంప్యూటర్‌లోనూ లేని జాబితాను వాళ్ల రక్తమే రాసిచ్చింది.

గురువారం ఉదయం కొండల్ డైరెక్టర్ గదిలో ఆ వీడియో పెట్టాడు. వేణుగోపాల్ చివరిదాకా చూశాడు. మనిషి పొట్టి, యాభై ఎనిమిదేళ్లు, ఎడమ మోకాలు నొప్పి.

తను ఆ వీడియో ఎప్పుడూ రికార్డు చేయలేదన్నాడు. స్టూడియోకు వెళ్లినప్పుడు నాలుగైదు వారాలవి ఒకేసారి మాట్లాడి వచ్చేసేవాడు. తర్వాత చూసుకునేవాడు కాదు. ఆ సోమవారం క్యాంటీన్‌లో ఒకావిడ, ఇంతమంది డైరెక్టర్లు మారారు గానీ మా ఎముకల గురించి ఆలోచించింది మీరొక్కరే సార్ అంది. ఆయన వెళ్లి వీడియో చూశాడు. ఆ నవ్వు తనదే. మాటల మధ్య ఆ తడబాటూ తనదే. మాట్లాడి మర్చిపోయుంటానులే అనుకున్నాడు.

“అందరు మంచిపని చేసినవన్నరు. కాదని ఎట్ల చెప్త?” అన్నాడు. “దండం పెడ్తే తీసుకున్న.”

కొండల్ ఆయన్ని ఓదార్చలేదు. కట్ చేసిన కాల్ ఒకటి తన జేబులోనూ ఉంది.

ఆ సాయంత్రమే మాత్రల గురించి జాగ్రత్తని సెక్షన్ నైన్‌కు కబురు పంపాలని డైరెక్టర్ అన్నాడు. సుశీలమ్మ ఒప్పుకోలేదు. స్టాకంతా ఎక్కడుందో తెలియకముందే ముఠాకు అనుమానం వస్తే ఇంకో దారి పడతారని ఆమె భయం. శుక్రవారం మధ్యాహ్నం దాకా ఆగమంది. ఆ నిర్ణయం తనదేనని ఫైల్లో సంతకం పెట్టింది.

శుక్రవారం పదకొండున్నరకు జల్‌పల్లిలో సన్‌బిందు అద్దెకు తీసుకున్న ఒక రేకుల షెడ్డు ముందు టీవీఎస్ బండి ఆగింది. రెండు పక్కలా పాల క్యాన్లు. గళ్ల లుంగీ, భుజాన తువ్వాల. ఆ వేషానికి కొండల్ పెద్దగా కష్టపడలేదు. వాళ్ల అమ్మ బుచ్చమ్మ ఇప్పటికీ ఆరు బర్రెలను సాకుతోంది. పాలు కొలవడం అతనికి నడకతోపాటే వచ్చిన విద్య. పాలచిక్కదనం చూసే గాజు గొట్టంలో మాత్రం ఆఫీసు వాళ్లు ఒక కెమెరా పెట్టారు. లోపల నందిని ఉంటే ఆమె ఏమనాలో కోడ్ ముందే అనుకున్నదే: పాలు చిక్కగా ఉన్నాయంటే క్షేమం, పలుచగా ఉన్నాయంటే వెంటనే వెళ్లిపొమ్మని.

లోపల సన్‌బిందు మేనేజరు ప్రణీత్ ఉన్నాడు. సన్నటి మనిషి, తెల్ల షూ. బల్ల మీద తొమ్మిది కవర్లు పట్టేంత ట్రే ఖాళీగా ఉంది. గోడ మీద పెద్ద తెరపై డైరెక్టర్ వేణుగోపాల్ మాట్లాడుతున్నాడు. పెదాలు కదులుతున్నాయి, గొంతు లేదు. ఒక కుర్రాడు కంప్యూటర్ ముందు కూర్చుని ఆ కనురెప్పలను సరిచేస్తున్నాడు. అంతకుముందు రోజు ఎదురుగా కూర్చుని తలదించుకున్న మనిషి ఇక్కడ తల ఎత్తి నవ్వుతున్నాడు.

తెర పక్కన నందిని నిలబడి ఉంది. జల్‌పల్లి దుమ్ములో కూడా మడత నలగని పట్టు కుర్తా, తలమీదికి నెట్టిన నల్లద్దాలు. గాజు గొట్టం చేతిలోకి తీసుకుని పాలలో ముంచి చూసింది.

“పలుచగున్నయ్,” అంది. “రేపటి నుంచి వద్దు.”

ప్రణీత్ తల ఎత్తి పాలవాడి చేతులకేసి చూశాడు. ఆ చేతులు క్యాను మూత బిగించిన తీరు చూశాక తిరిగి ఫోన్‌లో పడ్డాడు.

ఇరవై నిమిషాల తర్వాత బార్కస్‌లో, ముందే అనుకున్న చోట, జామకాయల బండ్ల వెనక, ఆమె కారు కొండల్ పక్కన ఆగింది. అద్దం దించింది.

ఇటు సుశీలమ్మకు సగం, అటు ముఠాకు సగం నిజం అమ్ముతూ వచ్చానని ఒప్పుకుంది. కంప్యూటర్‌తో నకిలీ మొహం తయారుచేయడానికి డైరెక్టర్ నాలుగేళ్ల రికార్డింగులన్నీ వాళ్లకిచ్చింది తనే. “పేర్లు కావాలన్నరు. పేర్లే గదా అనుకున్న,” అంది. “ప్రాణాలడుగుతరని నాకు తెల్వదు కొండల్. ఆ ఇద్దరి మాత్రలు గిట్ల మారుస్తరని తెల్వదు.”

ఇప్పుడేం జరగబోతోందని అతను అడిగాడు.

మాత్రల కవర్లు పొద్దున్నే డైరెక్టర్ పేరుతో సెక్షన్ నైన్‌కు చేరాయి. ఒంటి గంటకు ఆ విభాగం భోజనాల గదిలో తెర మీద కొత్త వీడియో వస్తుంది. ఇద్దరు మిత్రులను పోగొట్టుకున్నాం, ఇది గుండెకు బలమిచ్చే విటమిన్, అందరం కలిసి వేసుకుందాం అంటుంది ఆ మొహం. ఇంకో మాట కూడా అంటుంది: నా గొంతుతో ఎవరైనా ఫోన్ చేసి వద్దంటే నమ్మకండి.

టైము పన్నెండూ ఇరవై ఐదు.

కొండల్ పాలబండి అక్కడే వదిలి ఆమె కారెక్కాడు. దారిలోనే వేణుగోపాల్‌కు, సుశీలమ్మకు ఫోన్ చేశాడు. డైరెక్టర్ వెంటనే ఇంకో వీడియో తీసి పంపుతానన్నాడు.

“వద్దు సార్,” అన్నాడు కొండల్. “రెండు మొహాలల్ల ఏ మొహాన్ని నమ్మాలె వాళ్లు? మీరే పోవాలె.”

సెక్షన్ నైన్ తలుపు బయటివాళ్లలో ఒక్క డైరెక్టర్ అరచేతికే తెరుచుకుంటుంది. లోపల సెల్‌ఫోన్లు ఉండవు, ల్యాండ్‌లైను ఎవరూ ఎత్తడం లేదు. గార్డులు తలుపు కొట్టినా లోపలికి వినపడదు. చాంద్రాయణగుట్ట దగ్గర ట్రాఫిక్ గడ్డకట్టింది. కొండల్ కారు దిగి పరుగెత్తాడు. గేటు చేరేసరికి పన్నెండూ యాభై రెండు. అప్పుడే బయటి మీటింగు నుంచి వచ్చిన వేణుగోపాల్ లిఫ్ట్ ముందు నిలబడి బటన్ నొక్కుతున్నాడు. లిఫ్ట్ రావడం లేదు. ఎవరు ఆపారో అడిగే టైము లేదు.

మెట్లు నాలుగు అంతస్తులు. ఆయన ఎడమ కాలు ప్రతి మెట్టుకూ మొండికేసింది. కొండల్ భుజం ఇచ్చాడు. కింద కారిడార్‌లో ట్యూబ్‌లైట్లు తప్ప వెలుగు లేదు. తలుపు పక్కన గాజు పలక మీద ఆయన అరచేయి ఆనించాడు. చెమటకు అది గుర్తుపట్టలేదు. చొక్కాకు తుడుచుకుని మళ్లీ ఆనించాడు. పచ్చ లైటు వెలిగింది.

గదిలో తొమ్మిది మంది నిలబడి ఉన్నారు. ఎడమ చేతుల్లో మాత్రలు, కుడి చేతుల్లో నీళ్ల గ్లాసులు. ఎదురుగా తెర మీద వేణుగోపాల్ చనిపోయిన ఇద్దరి పేర్లూ నిదానంగా, ఆప్యాయంగా పలుకుతున్నాడు. తలుపు చప్పుడుకు అందరూ తిరిగారు. అక్కడ ఇంకో వేణుగోపాల్. జుట్టు రేగి, మొహం పాలిపోయి, గోడ పట్టుకుని నిలబడి ఉన్నాడు. మాట్లాడబోయాడు. గొంతులోంచి ఈల లాంటి చప్పుడు తప్ప ఏమీ రాలేదు.

తెర మీది మనిషి ఎంతో చక్కగా మాట్లాడుతున్నాడు. అందరిలో చిన్నది, పూజిత అనే ఇంజినీరు, ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. భయంతోనో అలవాటుతోనో ఆమె చూపు తెరవైపే మొగ్గింది. మాత్ర పెదాల దగ్గరికి వెళ్లింది.

వేణుగోపాల్ కుంటుతూ గది దాటి ఆమె చేతి మీద కొట్టాడు. మాత్ర దొర్లి బల్ల కిందికి పోయింది. తర్వాత తెర దగ్గరికి వెళ్లి గోడకున్న వైరు పట్టుకుని ఊడబెరికాడు. తన మొహం మాట మధ్యలో ఆరిపోయింది.

“బాల్నర్సిం పోయింది... నా మాట మీద,” అన్నాడు చివరికి. “ఇంకొకరు వద్దు.”

నేల మీదే కూర్చుండిపోయాడు. మిగతా ఎనిమిది మాత్రలూ ఒక్కొక్కటిగా బల్ల మీద పడ్డాయి.

అదే సమయానికి సుశీలమ్మ మనుషులు జల్‌పల్లి షెడ్డును చుట్టుముట్టారు. ప్రణీత్ వెనక గోడ దూకబోయి దొరికాడు. వాడికి పైనున్న విదేశీయులు దొరకలేదు. మాత్రల్లో గుండె లయను తప్పించే మందు ఉందని ల్యాబ్ చెప్పింది. నందిని తనే వచ్చి లొంగిపోయింది. చివరి గంటలో తను చేసిన మేలు రిపోర్టులో రాస్తావా అని కొండల్‌ను అడిగింది. రాశాడు. అంతకుముందు చేసింది కూడా రాశాడు.

ఆ తొమ్మిది మందికి విటమిన్ నిజంగానే తక్కువుంది. డిస్పెన్సరీ డాక్టరు అసలు మాత్రలిస్తే వారం దాకా ఎవరూ ముట్టలేదు. చివరికి ఆయన పూజిత ముందు కూర్చుని తనకు అవసరం లేని మాత్ర ఒకటి మింగి చూపించాల్సి వచ్చింది. సోమవారం వీడియోలు ఆగిపోయాయి. కారిడార్లలో తెరలున్న చోట జనం ఇంకా తలదించుకునే నడుస్తున్నారు.

కొండల్ ఫోన్‌లో ఆదివారం రెండూ పది కాల్ అలాగే ఉంది. ఒకటి రెండుసార్లు ఆ నంబరుకు తిరిగి చేశాడు. స్విచాఫ్ అని వచ్చింది. ఏం వినాలని చేశాడో అతనికే తెలియదు.

బాలనర్సింహ పోయిన పదకొండో రోజు వేణుగోపాల్ జల్‌పల్లి వెళ్లాలన్నాడు. కారు వద్దన్నాడు. కొండల్ బండి వెనక కూర్చుని వచ్చాడు. చంద్రమ్మ గడపలో నిలబడి ఉంది. ఆయన చెప్పులు విడిచి, వీడియోలో మాట్లాడింది తను కాదని, కానీ ఆ మొహం తనదేనని, తను చూసి కూడా ఊరుకున్నానని చెప్పాడు. ఏ మాటా దాచలేదు. చెప్పడం అయ్యాక చేతులు జోడించి అలాగే నిలబడ్డాడు.

చంద్రమ్మ ఆయన్ని పైనుంచి కిందిదాకా చాలాసేపు చూసింది. ఏడవలేదు, తిట్టలేదు. లోపలికి వెళ్లి కుర్చీ తెచ్చి వేసింది.

“వీడియోల ఇంకింత పొడుగు కనవడ్తుంటిరి సార్,” అంది.