ట్యాంకు మూత

మూడోసారి ఫోన్ వచ్చేసరికి నాకు మండింది.

"పరశురాం, నీ వెల్డింగ్ మళ్ల ఊడింది. పని రాకపోతే రాదని చెప్పు," అన్నడు రఘునందన్ సార్. శేరిగూడ దగ్గర ఒక ఇంజినీరింగ్ కాలేజీల ఆఫీసు పనులు ఆయనే చూస్తడు. గేటు లోపల గడ్డిలో పాత మిలిటరీ ట్యాంకు తెచ్చి పెట్టిండ్రు, పిల్లలు ఫొటోలు దిగడానికి. ఎవరూ లోపలికి దిగకుండ దాని మీదున్న గుండ్రటి మూతను అతికించాలె. గంతే పని. ఇబ్రహీంపట్నంల ఇరవై ఏండ్ల సంది నా షాపుంది. నేను అతికించిన గేటు ఒక్కటి ఊడలే.

సాయంత్రం ఆటోల మెషిన్ వేసుకుని పోయిన. కాలేజీ బస్సులన్నీ వెళ్లిపోయినయ్. వాచ్‌మన్ బిక్షం ఒక్కడే ఉన్నడు. మిలిటరీల పదిహేనేండ్లు ట్యాంకు నడిపిన మనిషి.

పైకెక్కి చూసిన. మూత సగం లేచి ఉంది. తెగిన అతుకు అంచులు పైకి వంగినయ్. లోపల్నుంచి తోస్తేనే అట్ల వంగుతయ్.

"పిలగాండ్ల పనేనా అన్నా?"

బిక్షం మెల్లగ అన్నడు.

"అణుబాంబు పడితే ఏం చెయ్యాలెనో మాకు నేర్పిండ్రు తమ్మీ. మూతలు బిగించుకుని ట్యాంకులనే కూచోవాలె. బయట దగ్గరున్నోడు ఆ వేడికే మాడిపోతడు. మాడనోడు వారం పది రోజులకు జుట్టు రాలి, రక్తం కక్కి పోతడు. లోపలున్నోడు బతికితే బతుకుతడు. అందుకే మూసేముందు, బయట మనోళ్లు ఎవరన్న మిగిలిండ్రేమోనని పిలుస్తరు..."

"గిప్పుడు గదంత ఎందుకన్నా?" విసుక్కున్న. చీకటి పడకముందే పని ముగించాలని నా ఫికర్.

మూత దించి పాత అతుకంత గ్రైండర్‌తోని గీకిన. గ్రైండర్ ఆపంగనే చప్పుడు. టక్... టక్... లోపల్నుంచి ఎవరో ఇనుము మీద వేలు మడిచి కొడుతున్నట్టు. పొలాల దిక్కు అరుస్తున్న కీచురాళ్లు ఒక్కసారి ఆగిపోయినయ్. వెంట్రుకలు కాలిన వాసన. నా చెయ్యి కింద ఇనుము వెచ్చబడ్డది.

మూత లేచింది. నా బరువంత దాని మీదనే ఉంది... అయినా లేచింది.

లోపల ఏం కనపడలే. నలుపు. ఆ నలుపులకెల్లి ఒక గొంతు. కోపం లేదు. అలసిపోయిన గొంతు.

"ఇంకా బయటెందుకున్నరు...? రాండి... టైం లేదు..."

దుంకిన. కాలు మడతపడ్డది. కుంటుకుంటనే గేటుదాక ఉరికి వెనక్కి చూసిన. బిక్షం ట్యాంకు ఎక్కుతున్నడు. డ్యూటీకి పోతున్నట్టు, నెమ్మదిగ.

"అన్నా! వద్దు!"

పైన నిలబడి ఒకసారి ఆకాశం దిక్కు చూసిండు. రమ్మని నాకు చెయ్యి ఊపిండు. తర్వాత దిగిండు. మూత పడ్డది.

తెల్లారి గ్యాస్ కట్టర్ పెట్టిన. ఎంతసేపు మంట పెట్టినా మూత కొంచెం కూడ ఎర్రబడలే.

"ఈసారి మంచిగ అతికించినవ్. ఇంక వదిలెయ్," అన్నడు రఘునందన్ సార్.

"సార్, నేను అతికించనే లేదు. లోపల బిక్షమన్న ఉన్నడు."

"తాగొచ్చినవా?"

ఎవరికి చెప్పినా గదే మాట. హయత్‌నగర్‌ల చుట్టాలింటికి పోయిండేమో చూడుమన్నరు. బిక్షం భార్య సక్కుబాయి రోజూ పొద్దున్నే షాపు ముందట నిలబడుతున్నది. "నిజం చెప్పు పరశురాం." నిజమే చెప్తున్న. మొదటి రోజునుంచి అందరికీ నిజమే చెప్తున్న!

ఆఖరికి నిన్న ఆమెను తోలుకపోయిన. ఇద్దరం ఇనుముకు చెవులు ఆనించినం. చాలాసేపు ఏం లేదు. తర్వాత లోపల నలుగురైదుగురు ఒక్కసారే అన్నరు. అందుల బిక్షం గొంతు మా ఇద్దరికీ తెలిసింది.

"ఇంక నలభై మూడు రోజులు."

"బతికే ఉన్నడు!" అని సక్కుబాయి ఏడ్చింది, నవ్వింది.

ఈ రోజు నేనొక్కన్నే మళ్ల పోయిన. చెవి ఆనించిన.

"ఇంక నలభై రెండు."