గాయంలో తవుడు

1993 నవంబర్. పొద్దున 6:10.

మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లు. గేటు లోపల హమాలీ ఫకీరా శవం. కుడి తొడ మీద లోతు గాయం. పక్కన బస్తాలు లాగే కొక్కెం.

ఓనర్ ప్రభాకర్ స్టేట్‌మెంట్ సిద్ధం. "ఆరింటికి వీని తమ్ముడు కిష్ట్యా కొక్కెంతోని పొడిచిండు. రెండు నిమిషాల్ల పానం పోయింది. తండోళ్ల సంగతి మీకెరికే గద సారూ."

కిష్ట్యా ముందురోజంతా మునగాలలో లారీలు దించాడు. ఆ పొద్దున 5:40కు మిర్యాలగూడలో బస్సు దిగాడు. పొడవలేదంటే ఎవడు వింటాడు? తండావాడు. రిమాండ్‌కు తోలారు.

ఫకీరా భార్య మంగ్లీ సీఐ జనార్దన్ జీపుకు అడ్డం నిలబడింది.

"మొగడు పాయె. మరిదిని గూడ మింగుతరా?"

నాలుగో రోజు 11:00. అదే మిల్లు. ప్రభాకర్, గుమాస్తా బిక్షం, మంగ్లీ. సూర్యాపేట నుంచి పోస్ట్‌మార్టం డాక్టర్ సుమిత్ర.

"బిక్షం, ఈడ చెయ్యి తెగితే ఏం జేస్తరు?" జనార్దన్ అడిగాడు.

"తవుడు అద్దుతం సార్. నెత్తురు ఆగుతది."

"ఫకీరా గాయంల తవుడుంది. ఎవరద్దిన్రు?"

"నేనే," ప్రభాకర్ అందుకున్నాడు. "వాడు పొడవంగనే. అది గూడ తప్పేనా?"

"అద్దినంక ఎంతసేపు బతికిండు?"

"ఎన్నిసార్లు జెప్పాలె? రెండు నిమిషాలు."

సుమిత్ర గాజు స్లైడ్ బల్ల మీద పెట్టింది.

"మైక్రోస్కోప్ కింద చూశాను. తవుడు చుట్టూ తెల్లకణాలు గుంపు కట్టాయి. రెండు నిమిషాల్లో అది కాదు. గాయం కబురు అందాక, కణంలో అణిగి ఉన్న జన్యువులు తెరుచుకోవాలి. వాటి నకలు తీసుకుని కణం కొత్త ప్రొటీన్లు తయారు చేయాలి. ఆ ప్రొటీన్లు పిలిస్తేనే రక్తంలోంచి ఇంత గుంపు వస్తుంది. దానికి గంటలు పడుతుంది. చచ్చిన ఒంట్లో ఆ పని జరగదు. ఫకీరా ఈ తవుడుతో కనీసం ఎనిమిది గంటలు బతికాడు."

"అంటే గాయం ముందురోజు రాత్రికే అయింది. అప్పుడు కిష్ట్యా మునగాలల ఉన్నడు," అన్నాడు జనార్దన్. "నువ్వేడున్నవ్ సేటూ?"

"పీనుగులు గోసే డాక్టరమ్మ మాట కోర్టుల నిలుస్తదా?"

బిక్షం నేల చూశాడు. "ముందురోజు సాయంత్రం 6:30కు మిషన్ బెల్టు తెగి తొడ చీల్చింది సార్. తవుడు అద్దింది నేను. బెల్టుకు అడ్డం ఉండాల్సిన ఇనుప జాలీ లేదు. తెల్లారితే మిల్లుల సర్కారు ఇన్‌స్పెక్షన్. సేటు ఫకీరాను గోడౌన్ల ఏసి తాళమేసిండు. పొద్దుగాల పీనుగను గేటుకాడికి ఈడ్పించి, పక్కన కొక్కెం పెట్టిచ్చిండు."

"నోర్ముయ్‌రా," అన్నాడు ప్రభాకర్. కానిస్టేబుల్ అతని చెయ్యి పట్టుకున్నాడు.

మంగ్లీ ఏడవలేదు.

"ఈడికెళ్లి దవాఖాన ఎంత దూరం సారూ?"

"అర కిలోమీటరు," అన్నాడు జనార్దన్.