బలం పోయిన అయస్కాంతం

వికారాబాద్‌లో ప్రైవేటు డిటెక్టివ్ శివయ్య గది గడపలో అలీమాబీ నిలబడింది. తాండూరు నుంచి ఎండలో బస్సెక్కి వచ్చింది. రంజాన్ నెల, రోజాలో ఉంది. అందుకే సహాయకుడు మొగులప్ప ఇవ్వబోయిన నీళ్లు ముట్టలేదు.

"మా ఆయ్న దొంగ కాదన్నా. రేపు పోలీసులకు పట్టిస్తమంటున్నరు," అంది.

ఆమె భర్త ముర్తుజా, వెంకటయ్య అనే సేటు షెడ్డులో కరెంటు కొలిమి చూస్తాడు. సమేరియం, కోబాల్టు, కాస్త రాగి కలిపి అక్కడ అయస్కాంతాలు చేస్తారు. పిడికెడు మేకులెత్తాల్సిన కొత్త బిళ్ల మొన్న ఒక్క మేకునే ఎత్తింది. అసలుది అమ్ముకుని నకిలీది పెట్టాడని వెంకటయ్య అభియోగం. ముర్తుజా నోరు విప్పడం లేదు.

షెడ్డులో శివయ్య ఆ బిళ్లను వేళ్ల మధ్య తిప్పి చూశాడు. అంచున సన్నని గీత ఉంది. అచ్చు తెప్పించి చూస్తే అందులోనూ అదే చోట గీత. కొలిమి మీట కింద ఖర్జూరం గింజ దొరికింది. ఆయన దాన్ని ఎందుకు జేబులో వేసుకున్నాడో మొగులప్పకు అంతుపట్టలేదు.

ముర్తుజా ఎక్కడ రోజా విడుస్తాడని అడిగితే, ఎప్పుడూ మసీదులోనేనని వెంకటయ్య చెప్పాడు. బిళ్ల తయారీ గురించి అడిగితే ఇంకా ఉత్సాహంగా చెప్పాడు. బాగా కాల్చాక సెగను కొంచెం కొంచెంగా దించాలట. అప్పుడే రాగి మెల్లగా జరిగి, లోపల కంటికి కనిపించని తేనెపట్టు అరలకు గోడలు కడుతుందట. బలాన్ని నిలబెట్టేవి ఆ గోడలే.

సాయంత్రం శివయ్య అందరినీ కొలిమి దగ్గర కూర్చోబెట్టాడు.

"బిళ్ల మారలె సేటూ. గీ అచ్చులదే, గీత చూడు. సెగ ఒక్కసారే బందైంది, లోపల గోడలు లేవలె. గది రోజా విడిచే యాళ్ల, ముర్తుజా మసీదుల ఉన్నడు. మరి ఈడ రోజా విడిచిందెవలు?" గింజ అరచేతిలో పెట్టి చూపాడు. గొంతు తగ్గించి, "అమ్మా, ఆ పొద్దు ఆయనకు తినేటందుకు తెచ్చింది నువ్వే గదా?" అన్నాడు.

అలీమాబీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "పొద్దంత నీళ్లు లేకుంట గా సెగ ముంగట కూసుంటడు. రొట్టెలైనంక మంట తీస్తం గదన్నా. గట్లనే మీట బందువెట్టి కొలిమి తలుపు తీసిన. వచ్చేసరికి జర సల్లగుంటదనుకున్న."

ముర్తుజా తల దించుకున్నాడు. తెలిస్తే ఆమె ఏడుస్తుందని చెప్పలేదన్నాడు.

"పిచ్చోడా, నువ్వు జైలుకు పోతె ఏడ్వనా?" అంది అలీమాబీ.

వెంకటయ్య ముర్తుజా భుజం మీద చెయ్యి వేసి, తొందరపడ్డానని ఒప్పుకున్నాడు. బిళ్లను మళ్లీ కాల్చి నిదానంగా చల్లారిస్తే గోడలు లేస్తాయన్నాడు. మసీదు నుంచి అజాన్ వినిపించగానే మీట దగ్గర తానే కూర్చుని, భార్యాభర్తలను రోజా విడవడానికి పంపాడు.

చల్లారిన బిళ్లకు మళ్లీ అయస్కాంత బలం ఎక్కించి మేకుల్లో పెడితే పిడికెడు అతుక్కుని వచ్చాయి. అలీమాబీ ఒకదాన్ని పట్టుకుని లాగింది. రాలేదు.

"ఇడుస్తలేదు," అంది, మొగుడి వైపు చూస్తూ.