సరిహద్దు దాటిన పల్లె బొమ్మ

ఫ్రాన్స్ సరిహద్దులోని తూల్ కోట పక్క గోధుమ చేలో శవం దొరికింది. మెడ చుట్టూ సన్నటి తీగ గాటు.

"మన మనిషే," అన్నాడు కల్నల్ బర్తాస్. "చంపింది లియోంతిన్. జీతం మన దగ్గర, నగలు జర్మన్ల దగ్గర."

ఏజెంట్ ఆన్సెల్మ్ పళ్ళు నూరాడు. ఆమెకు గూఢచర్యం నేర్పింది అతనే.

"మూడు వారాలు అక్కడ గొడుగు కింద కూర్చుని పాస్టెల్ బొమ్మ గీసింది. ఏరు, చెట్లు, గడ్డివాములు. ఒక్కో గడ్డివామూ కోటలో ఒక్కో ఫిరంగి ఉన్న చోటు. అది బారన్ రూడిగర్ చేతికి చేరింది. ఇద్దరూ ఇవాళ్టి రైల్లోనే పోతున్నారు," అన్నాడు కల్నల్.

"లాక్కుంటే?"

"వాడు జర్మన్ రాయబారి మనిషి. లాక్కుంటే యుద్ధం. పోనిస్తే కోట పోయినట్టే. సరిహద్దు స్టేషన్ అవ్రికూర్‌లో రైలు పది నిమిషాలు ఆగుతుంది. ఆపైన జర్మనీ."

నాలుగింటికి, గుబురు మీసంతో, కస్టమ్స్ దుస్తుల్లో ఆన్సెల్మ్ బారన్ ఉన్న రైలుపెట్టెలోకి ఎక్కాడు. వెనక ఇద్దరు పోలీసులు. లియోంతిన్ ముఖం మీద నల్ల మేలిముసుగు ఉంది.

"దొరగారూ, కొందరు సుంకం ఎగ్గొట్టి బొమ్మల ఫ్రేముల్లో లేసు దాచి తీసుకుపోతున్నారు. అద్దం తీయాలి."

"కుక్కలు మొరగడం ఆపవు కదా!" బారన్ విసుక్కుంటూ తానే అద్దం ఊడదీశాడు. "చూసి చావు."

బొమ్మ నిజంగా అందంగా ఉంది. ఏటి మీద గులాబీ రంగు వెలుతురు. ఈ కొత్త ఇంప్రెషనిస్టు పద్ధతిలో దగ్గర్నుంచి అన్నీ రంగు మరకలే, దూరం జరిగితేనే బొమ్మ. ఆన్సెల్మ్ చేయి చాచాడు.

లియోంతిన్ ఆ చేతిని గుర్తుపట్టింది. "ముట్టనివ్వకండి! వీడు ఆన్సెల్మ్!"

బారన్ పిస్తోలు తీశాడు. "వెనక్కి జరుగు."

రైలు కూత వేసింది. పెట్టె ఒక్క కుదుపు కుదిపింది. ఆన్సెల్మ్ అమాంతం బొమ్మ మీద పడ్డాడు. పాస్టెల్ అంటే కాగితానికి అంటిన సుద్దపొడే. మోచెయ్యి పైనుంచి కిందికి ఒక్కసారి జారింది. గడ్డివాములు, చెట్లు, ఏరు, ఆకాశం కలిసి బూడిదరంగు ముద్దయ్యాయి.

పోలీసులు పిస్తోలు పక్కకు నెట్టి, లియోంతిన్‌ను కిందికి దించారు.

"నేర్పింది నువ్వే కదా," అంది ఆమె కసిగా.

"చంపమని నేర్పలేదు."

బారన్ చెరిగిన బొమ్మను పైకెత్తి పట్టుకున్నాడు. "పశువా! నా బొమ్మ! ఏముంది ఇందులో ఇప్పుడు?"

కదులుతున్న రైల్లోంచి దిగుతూ ఆన్సెల్మ్ సలాం కొట్టాడు.

"ఇంప్రెషనిస్టు బొమ్మ కదండీ. కాస్త దూరం నుంచి చూడండి."