తెరిచి ఉంచిన ఆర్డరు

కాఫీ కాచే మోకా పాత్ర మూత తిప్పడం ఒంటి చేత్తో అయ్యే పని కాదు. ఎర్మెస్ దాన్ని పొట్టకి అదిమిపెట్టి ఎడమ చేత్తో తిప్పబోయాడు, జారింది. మోకాళ్ళ మధ్య ఇరికించి మళ్ళీ తిప్పాడు. ఈసారి కాఫీ పొడంతా ప్యాంటు మీద పడింది. పాత్రని తీసి గోడకేసి కొట్టాడు. అది గోడకి గుంట పెట్టి, పొయ్యి దగ్గర నిలబడ్డ చెల్లెలు తుల్లియ కాళ్ళ ముందుకి దొర్లుకొచ్చింది.

ఆమె వంగి తీయబోయింది.

"ముట్టుకోకు," అన్నాడు ఎర్మెస్. "నువ్వు ముట్టుకుంటే ఏమవుతుందో చూశాంగా."

"నేను పెట్టిస్తాను అన్నయ్యా, ఒక్క నిమిషం."

"చెయ్యి తీశావు, ఇక కాళ్ళు కూడా తీసెయ్. అప్పుడు భుజాన వేసుకుని తిప్పుదువుగాని."

తల్లి నీవెస్ చీపురు తెచ్చి ఊడ్చింది. కొడుకు ఆసుపత్రి నుంచి వచ్చిన దగ్గర్నుంచి ఆవిడ చేతిలో చీపురు లేని పూట లేదు. ప్లేట్లు, గ్లాసులు, ఒక కిటికీ అద్దం, మొన్న టీవీ. మనుషుల్ని కొట్టడం లేదు కదా అని సరిపెట్టుకుంటోంది. తల్లులకి సరిపెట్టుకోవడానికి ఏదో ఒకటి దొరుకుతుంది.

ఇటలీలోని ఫ్రియూలీలో మా ఈ మూలన పుట్టినవాళ్ళకి కుర్చీ తప్ప వేరే దేవుడు లేడు. ఈ కుటుంబం చేసేది కుర్చీలో మనం కూర్చునే వంపు చెక్క. పల్చటి చెక్క రేకులకి జిగురు పూసి, ఒకదాని మీద ఒకటి పేర్చి, కాలే అచ్చులో పెట్టి ప్రెస్ కింద నొక్కుతారు. పెరట్లోని కొట్టమే కార్ఖానా, తండ్రి లీవియో యజమాని. నీవెస్‌ది ఆఫీసు. ప్రెస్ ఎర్మెస్‌ది. పెళ్ళి చేసుకోకుండా ప్రెస్‌నే చేసుకున్నాడని ఊళ్ళో ఎగతాళి ఉండేది. ఆ ప్రెస్సే అతని కుడిచేతిని మణికట్టు పైదాకా నమిలేసింది. ఇప్పుడు ఎవరూ ఎగతాళి చెయ్యడం లేదు.

అక్కడ ఏ ఆర్డరు ఎప్పుడు ప్రెస్‌కి వెళ్ళాలో చెప్పేది ఆఫీసు మూలన ఉన్న పాత కంప్యూటరు. చిన్న ఫ్రిజ్ అంత నల్లపెట్టె, నల్ల తెర మీద ఆకుపచ్చ అక్షరాలు. అలాంటి తెరే ఇంకొకటి ప్రెస్ పక్కన ఉండేది. పెళ్ళయిన కొత్తలో నీవెస్ దాని మీదే టైపు నేర్చుకుంది. అది ఏనాడూ మొరాయించలేదు. కానీ కొత్తగా సరుకు కొనేవాళ్ళకి తమ ఆర్డరు ఎంతదాకా వచ్చిందో ఫోన్లో కనపడాలి. అందుకని పాదోవా నగరంలో ప్రోగ్రాములు రాసే ఉద్యోగం చేసుకుంటున్న తుల్లియని లీవియో ఇంటికి పిలిపించాడు. ఆమె పాత ప్రోగ్రాముల జోలికి పోలేదు, వాటికీ బ్రౌజరుకీ మధ్య వంతెన కట్టింది. వెనక పాత బుర్ర, ముందు కొత్త మొహం. ప్రెస్ పక్కనున్న ఆకుపచ్చ తెర తీసేసి టాబ్లెట్ తగిలించింది. అందరూ మెచ్చుకున్నారు, ఎర్మెస్ అందరికంటే ఎక్కువ.

పాత తెరకి ఒక గుణం ఉంది. ఎవరైనా ఒక ఆర్డరుని మార్చడానికి తెరిస్తే, వాళ్ళు మూసేదాకా దాన్ని ఇంకెవర్నీ తాకనివ్వదు. అచ్చులో చెయ్యి పెట్టి ఎండిన జిగురు గీకాలంటే, ముందు ఆ ఆర్డరు తెరిచి, అలాగే వదిలేసి లోపలికి వంగేవాళ్ళు. ఆఫీసులో ఎవరైనా అది మొదలుపెట్టబోతే 'వేరొకరు వాడుతున్నారు' అని కంప్యూటరు మొండికేసేది. చట్టం ప్రకారమైతే మెయిన్ స్విచ్‌కి ఇనప తాళం వేసి తాళంచెవి జేబులో పెట్టుకోవాలి. అది వేసి తీసేసరికి అచ్చు చల్లారిపోతోందని లీవియో ఎప్పుడో మాన్పించాడు. తెర ఉందిగా అన్నాడు.

కొత్త పేజీకి ఆ గుణం లేదు. బ్రౌజరులో నడిచేవి ఆర్డరు నకలొకటి తెచ్చి చూపించి చేతులు దులుపుకుంటాయి. ఎవడో పేజీ తెరిచి భోజనానికి పోతే మిగతావాళ్ళు ఆగిపోకూడదని అందరూ అలాగే రాస్తారు, తుల్లియా అలాగే రాసింది. ఆ రోజు ఎర్మెస్ ఎప్పట్లాగే ఆర్డరు తెరిచి అచ్చులోకి వంగాడు. ఆఫీసులో నీవెస్ ఎప్పట్లాగే మొదలుపెట్టే బటన్ నొక్కింది. ఈసారి ఎవరూ అడ్డం చెప్పలేదు.

బటన్ నొక్కింది తల్లి అని ఇంట్లో అందరికీ తెలుసు. ఆ మాట ఎవరూ అనరు. అనలేని కోపమంతా పేజీ మీదికి, దాన్ని రాసినదాని మీదికి మళ్ళింది.

తుల్లియ కడుపులో ఇంకో మాట ఉంది. టాబ్లెట్ తగిలించే ముందు ఆమె తండ్రిని అడిగింది, ప్రెస్ దగ్గర ఆ పాత తెర దేనికి వాడతారని. "ఆర్డరు చూసుకోవడానికి. ఇంకెందుకు?" అన్నాడు లీవియో. ఎర్మెస్‌కి ఇది తెలీదు. నాన్న అంతా చెప్పే ఉంటాడు, చదువుకున్న పొగరుతో ఇదే పెడచెవిన పెట్టి ఉంటుంది అని అతని నమ్మకం. లీవియో ఆ నమ్మకాన్ని అలాగే ఉండనిచ్చాడు. నాన్న తనంతట తానే నోరు విప్పుతాడని తుల్లియ రోజూ ఎదురుచూస్తోంది. ప్రమాదం సంగతి విచారించడానికి సోమవారం కార్మిక శాఖ ఇన్‌స్పెక్టరు వస్తున్నాడు.

ఆదివారం భోజనాల దగ్గర లీవియో పొలెంటా, అంటే మొక్కజొన్న ముద్ద, చెక్కపలక మీద కోసి అందరికీ పెట్టాడు. తర్వాత కూతురి మొహం చూడకుండా అన్నాడు.

"రేపు ఆయనొస్తే పేజీలో తప్పు జరిగిందని చెప్పెయ్. అంతవరకే. వకీలు కూడా అదే అన్నాడు."

"జరిగింది. చెప్తాను," అంది తుల్లియ. "మిగతాది ఎవరు చెప్తారు నాన్నా?"

"మిగతాది ఏముంది?"

"నీకు తెలుసు."

లీవియో వైను వొంపుకున్నాడు. సగం గ్లాసులో పడింది, సగం గుడ్డ మీద.

"ఏంటే ఆ మిగతాది?" అన్నాడు ఎర్మెస్. "చెయ్యి పెట్టినవాడిదే తప్పని రాయిస్తావా?"

"అలా అన్నానా అన్నయ్యా?"

"ఇనప తాళం ఎందుకు వెయ్యలేదని మొన్న అమ్మని అడిగావట. నాకు పోయింది చెయ్యి, చెవులు కాదు."

"ఇన్‌స్పెక్టరు అడగడా? మొదట అదే అడుగుతాడు."

"ఆర్డరు తెరిచే ఉంచాను. ఈ కొట్టంలో పుట్టిన పిల్లిక్కూడా తెలుసు తెరిచి ఉంచితే ముట్టుకోరాదని. నీకు తప్ప."

"ఎర్మెస్, తిను," అంది నీవెస్.

"దేంతో తినను?"

బల్ల అంచు కింద ఎడమ చెయ్యి వేసి ఎత్తి పడేశాడు. పొలెంటా చెక్కపలక, వైను సీసా, వేడి కూర గిన్నె అన్నీ తండ్రి ఒళ్ళోకి జారిపోయాయి. తేరుకునేలోపే తుల్లియ జుట్టు అతని పిడికిట్లో ఉంది. గుమ్మం తగిలి ఆమె నుదురు చిట్లింది. అయినా వదల్లేదు, పెరట్లోని కంకర మీదుగా కొట్టందాకా ఈడ్చుకుపోయాడు. ఒక చెప్పు దార్లో ఊడిపోయింది. నీవెస్ వెంటపడి కొడుకు చొక్కా పట్టుకుంది. మోచేత్తో ఒక్క తోపు తోశాడు, ఆవిడ కట్టెల మోపు మీద వెనక్కి పడింది. మనుషుల్ని కొట్టడం లేదన్న ఆ ఊరట కూడా అక్కడితో పోయింది.

కొట్టంలో మెయిన్ స్విచ్ వేశాడు. ప్రెస్ గుర్రుమంది. తుల్లియ కుడిచేతిని లాగి కింది అచ్చు మీద పరిచాడు, తన ఒంటి బరువంతా ఆమె వీపు మీద వేసి, కట్టు కట్టిన మొండిచేతిని ఆమె మోచేతి మీద అదిమాడు. ఎడమ చెయ్యి టాబ్లెట్ మీద పెట్టాడు.

"టైపు చేసేది దీంతోనేగా?"

"అన్నయ్యా, వద్దు."

"నేనూ అన్నాను వద్దని. అప్పటికి అది సగం దిగింది. ఎలా ఉంటుందో ఒకసారి చూడు, ఆ తర్వాత రాసుకో నీ పేజీలు."

అప్పటికి లీవియో వచ్చాడు, చొక్కా నిండా కూర. గుమ్మం దగ్గరే ఆగిపోయాడు. తుల్లియ మెడ తిప్పి చూసింది. నుదుటి మీది నెత్తురు ఒక కంట్లోకి దిగుతోంది. ఆ మాట తనే చెప్పొచ్చు. చెబితే చెయ్యి మిగులుతుంది. కానీ ఇన్నాళ్ళు కాచుకున్నది ఆయన నోటి నుంచి వినాలని. ఆమె మొండిది, పరువుకి లోటు రానివ్వని లీవియో కూతురే మరి.

"నాన్నా, నువ్వే చెప్పు," అంది.

లీవియో కళ్ళు దించుకుని చొక్కా మీది కూర తుడుచుకున్నాడు.

ఎర్మెస్ టాబ్లెట్ తాకాడు. పైపలక దిగడం మొదలెట్టింది. అది నెమ్మదిగా, చప్పుడు లేకుండా దిగుతుంది, అందుకే అదంటే భయం. తుల్లియ అరిచింది. లీవియో ఆ వయసులో ఎలా దూకాడో దూకాడు, ప్రెస్‌ని ఆపే ఎర్రబటన్ మీద రెండు పిడికిళ్ళతో కొట్టాడు. పలక ఆమె వేళ్ళ కణుపుల మీద ఆని ఆగింది. లాక్కునేసరికి చర్మం ఒలుచుకుని పలకకే ఉండిపోయింది.

"ఎందుకు ఆపావ్?" అన్నాడు ఎర్మెస్. "నాకప్పుడు ఎవరు ఆపారు?"

"దాని తప్పు కాదురా," అన్నాడు లీవియో. "అది అడిగింది. ఈ తెర దేనికి వాడతారని నన్ను వచ్చి అడిగింది. చూసుకోవడానికే అన్నాను."

"చెప్పానన్నావుగా."

"అనలేదు. నువ్వనుకున్నావు, నేను ఊరుకున్నాను."

"ఎందుకు చెప్పలేదు?"

"ఇంటికొచ్చిన వారమే అడిగింది, తాళాలు వేస్తున్నారా నాన్నా అని. వేస్తున్నాం అన్నాను. ఈ తెర సంగతి చెబితే ఆ అబద్ధం బయటపడుతుంది. కూతురి ముందు చిన్నబోలేక..."

మాట పూర్తి కాలేదు. ఎర్మెస్ పిడికిలి ఆయన నోటి మీద పడింది. లీవియో చెక్క రేకుల దొంతర మీదికి కూలాడు. ఎర్మెస్ మీద కూర్చుని కొట్టాడు. ఎడమ చేత్తో కొట్టాడు, తర్వాత మొండిచేత్తో కూడా కొట్టాడు. కుట్లు తెగి కట్టు ఎర్రబడింది, ఆ దెబ్బకి తండ్రి కంటే తనే గట్టిగా అరిచాడు, అయినా కొట్టాడు. లీవియో చేతులు అడ్డం పెట్టుకోలేదు. తుల్లియ అన్న మెడ చుట్టూ చేతులేసి వేలాడింది, ఆపలేకపోయింది.

"నన్ను కొట్టరా," అంది నీవెస్ గుమ్మంలోంచి.

కుంటుకుంటూ వచ్చి వాళ్ళ పక్కనే నేల మీద కూలబడింది.

"నన్ను కొట్టు. బటన్ నొక్కింది నేను. ఇంట్లో ఒక్కరూ ఆ మాట అనరేం? నాకు నిద్ర పట్టడం లేదు ఎర్మెస్. మీరు అనకపోయేకొద్దీ నాకు ఇంకా భయమేస్తోంది."

ఎర్మెస్ చెయ్యి గాల్లో ఆగింది.

"నీకు కనపడలేదుగా అమ్మా."

"లేచి నాలుగడుగులు వేసి తొంగి చూస్తే కనపడేవాడివి. ఇన్నేళ్ళలో ఎప్పుడైనా చూశానా? వద్దనాల్సి వస్తే ఆ తెరే అంటుందని కూర్చునే నొక్కాను. కన్నకొడుకుని ఒక డబ్బాకి అప్పజెప్పి కూర్చున్నాను."

ఎర్మెస్ తండ్రి మీంచి పక్కకి ఒరిగాడు. లీవియో లేచి కూర్చుని, నోట్లోంచి ఒక పన్ను అరచేతిలోకి ఉమ్మి, దాన్ని చూసుకున్నాడు.

"రేపు ఆయనకి నేనే చెప్తాను," అన్నాడు. పెదవి వాచి మాట ముద్దగా వచ్చింది. "తాళాలు మాన్పించింది నేను. అడిగితే దాచింది నేను. తుల్లియ ఎవరి పేరూ చెప్పక్కర్లేదు."

"లోపలేస్తారేమో," అంది నీవెస్.

"వెయ్యనీ. అమ్మాయి చెయ్యి అచ్చు మీద ఉన్నా నాకు గొంతు పెగల్లేదు. నేను ఎలాంటివాణ్ణో నాకే ఇవాళ తెలిసింది." ఇంకేదో అనబోయి ఏడ్చాడు. వాళ్ళ నాన్న ఏడవడం పిల్లలిద్దరూ ఎన్నడూ చూడలేదు.

తుల్లియ మెడకున్న స్కార్ఫు విప్పి అన్న పక్కన కూర్చుంది. ఎర్మెస్ కాస్త వెనక్కి జరిగాడు. ఆమె కూడా జరిగి, తడిసిన కట్టు మీద స్కార్ఫు చుట్టడం మొదలెట్టింది. చర్మం లేచిపోయిన ఆమె కణుపుల్ని అతను చూశాడు, చూపు తిప్పుకోబోయి తిప్పుకోలేకపోయాడు.

"నొప్పా?"

"నొప్పే."

"నేను నిజంగా నొక్కాను. బెదిరించడానికి కాదు. నీకు తెలియాలి."

"తెలిసింది. ఇప్పట్లో మర్చిపోలేను అన్నయ్యా, మర్చిపోతానని అబద్ధం చెప్పను."

అతను తలూపాడు. క్షమించమని అడిగే మొహం తనకి లేదని అనుకున్నాడు కాబోలు, అడగలేదు. గొంతు తగ్గించి, తల్లిదండ్రులకి వినపడకుండా అన్నాడు.

"వేళ్ళు నొప్పి పెడుతున్నాయి."

"ఎడమవా?"

"లేనివి. చిటికెన వేలు లోపలికి మెలిపడిపోయినట్టు, ఎవరో విప్పితే బావుండునన్నట్టు. పగలూ రాత్రీ అదే. చెబితే పిచ్చెక్కిందంటారని ఎవరికీ చెప్పలేదు. ఆ నొప్పికే ఇన్ని పగలగొట్టాను."

తుల్లియ ముడి వేసింది. తర్వాత కట్టు చివర దాటి, చెయ్యి ఉంటే ఎక్కడ ఉండేదో ఆ ఖాళీలో తన వేళ్ళు పెట్టి, మెత్తగా నిమిరింది. ఆమె కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి.

"ఇక్కడా?"

"ఇంకాస్త కిందికి."

"ఇక్కడ?"

ఎర్మెస్ కళ్ళు మూసుకున్నాడు. చెల్లెలి భుజం మీద తల వాల్చి, చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు.

"అక్కడే," అన్నాడు. "మెల్లగా."